వెనక తెల్ల లైట్లు

జాయింటు వేశాక అతను వైరును రెండుసార్లు లాగి చూస్తాడు. గట్టిగా కాదు, మాట వినని పిల్లాడి చెవి పట్టుకున్నంత. మొదటిసారి ఊడకపోతే చాలదు. మొదటిసారికి ప్రతి జాయింటూ మర్యాదగానే ఉంటుందని, రెండోసారికి గాని దాని సంగతి బయటపడదని అతని నమ్మకం. లాగి చూసి, టేపు చుట్టి, అప్పుడు ఇంకో వైరు అందుకుంటాడు.

ఆ అలవాటు కొట్టు దాటి ఇంట్లోకీ వచ్చింది. తలుపు గడియ వేసి రెండుసార్లు లాగుతాడు. చొక్కా బొత్తాం లాగి చూసుకుని గాని వీధిలోకి దిగడు. పెరట్లో బట్టల తాడు కింద నుంచి పోతూ ముడి దగ్గర చెయ్యి పెడతాడు.

"అందులో కూడా కరెంటు వస్తుందా మరిదీ?" అంటుంది వదిన.

"నీ దుప్పట్లు బరువు వదినా. ముడి ఆగాలి కదా."

"ఊళ్లో వాళ్ల ముడులన్నీ లాగి చూస్తావు. నువ్వొక ముడి వేసుకోరాదూ?"

ఆ మాటకు అతను ఇంకో ముడి దగ్గరికి పోతాడు. నలభై దగ్గర పడుతున్నా అన్నావదినలతోనే ఉంటున్నాడు. వంటింటి పక్కన అతని మంచం. మంచం కింద వైరు చుట్టలు.

వీధిలో అందరూ అతన్ని ఫ్యూజు అంటారు. పని నేర్పిన మేస్త్రి పెట్టిన పేరు అది. చిన్నప్పుడు ఎవరైనా కసిరితే మాట ఠక్కున ఆగిపోయేది. పూటంతా మళ్లీ వచ్చేది కాదు. "వీడు ఫ్యూజురా. ఏ తేడా వచ్చినా ముందు వీడు పోతాడు, బండి మిగులుతుంది" అని మేస్త్రి నవ్వేవాడు. అసలు పేరు అన్నకూ వదినకూ తెలుసు. వాళ్లూ వాడరు. అన్నకు అతను ఇప్పటికీ చిన్నోడే.

కొట్టు వెడల్పు ఒక బండి మూతి పట్టేటంత. షట్టరు ఎత్తితే ఎదురుగా చెక్కబల్ల, బల్ల కింద చచ్చిన బ్యాటరీలు, గోడకు మేకుల మీద రంగురంగుల వైర్లు. యాసిడ్ వాసన, కాలిన రబ్బరు వాసన. బండి ముక్కు లోపల ఉంటుంది, తోక వీధిలో ఉంటుంది. అందుకని వెనక లైట్ల పనంతా వీధిలోనే. ఎదురు టీకొట్టు వాళ్లకు అది కాలక్షేపం.

తండ్రి పోయినప్పుడు అన్న రాళ్ల క్వారీలో డ్రిల్లింగు మిషను పట్టుకున్నాడు. చిన్నోడిని మేస్త్రి దగ్గర చేర్పించాడు. చిన్నోడు పని నేర్చుకుంటున్న ఆ ఏళ్లలో అన్న చెవులు కొంచెం కొంచెంగా వెళ్లిపోయాయి. ముందు పిట్టలు వినపడటం మానేశాయి. తర్వాత తలుపు మీద తట్టే శబ్దం. తర్వాత ఇంట్లో మనుషులు. చెవిలో రాయి తిరుగుతున్నట్టు ఎప్పుడూ ఒక హోరు ఉంటుందని, అది మాత్రం బాగా వినపడుతుందని అన్న చెప్పేవాడు.

మాటల్ని పెదాల మీద చూసి తెలుసుకోవడం అలవాటు చేసుకున్నాడు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి గట్టిగా మాట్లాడతాడు. "ఈయనకు గుట్టు చెప్పడమంటే చాటింపు వేయించినట్టే" అంటుంది వదిన. ఇక అన్నకు కోపం వస్తే కళ్లు మూసుకుంటాడు. అంతే. ఇక ఎవరు ఏం చెప్పినా చేరదు. "షట్టరు దించేశాడు" అని వదిన నవ్వి, అన్నం కంచం మీద మూతపెట్టి లేచిపోతుంది. కాసేపటికి ఆయనే ఒక కన్ను తెరిచి చూస్తాడు.

క్వారీ వాళ్లు పనికి రావద్దన్నాక అన్నకు బావే పని ఇప్పించాడు. బావ అంటే వదినకు స్వయానా అన్న, ఫ్యూజుకు వరసకు బావ. ఊరి వెనక కొండ మీద ఫోను టవరు ఉంది. టవరు పక్కన జనరేటరు గది, కాపలావాళ్లు ఉండే ఇంకో గది. వాళ్లకు నీళ్లూ, జనరేటరుకు డీజిలూ రోజూ పైకి పోవాలి. కంట్రాక్టరు పెట్టిన పాత జీపు ఒకటి, నాలుగు చక్రాలూ లాగేది, ఆ డ్రమ్ములు మోస్తుంది. దానికి బావ డ్రైవరు. అన్న డ్రమ్ములు దింపే మనిషి.

కొండ దారి చివరి మలుపు దాటాక బండి తిప్పడానికి చోటు లేదు. మలుపులోనే తిప్పుకుని, అక్కడి నుంచి గది దాకా వెనక్కే పోవాలి. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క ఏమీ లేదు.

"ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏదో సామెత అనుకున్నాను. ఉద్యోగం అనుకోలేదు" అనేవాడు బావ.

ఆ వెనక్కి పోయే దారిలో అన్న బండి వెనకే నడవాలి. చేతిలో తాడు కట్టిన చెక్కమొద్దు ఉంటుంది. బండి ఆగిన చోటల్లా జారకుండా టైరు కింద మొద్దు పెట్టాలి. బండి కదలబోతే మొద్దు లాగేసి పక్కకు తప్పుకోవాలి. కదలబోతోందని తెలిసేది ఎలా? హారన్ వినపడదు. ఇంజన్ వినపడదు. రివర్స్ గేరు వేస్తే వెనక వెలిగే చిన్న తెల్ల లైటు ఒక్కటే అన్నకు చెవి.

ఒక సాయంత్రం అందరూ భోజనాల దగ్గర కూర్చున్నారు. బావ కూడా ఉన్నాడు. అన్న ఉన్నట్టుండి వీధి దాకా వినపడేట్టు చెప్పాడు.

"ఇవాళ టైరు నా చెప్పు తొక్కింది. కాలు బయటికి తీశాను గాని చెప్పు రాలేదు."

చెప్పి నవ్వాడు. వదిన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఏంటన్నయ్యా ఇది?" అంది బావ వైపు తిరిగి.

"నేనేం చెయ్యనమ్మా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు హారన్ కొడుతూనే ఉన్నా. ఆ వెనక లైటు చూశావా, మిణుగురు పురుగు. దుమ్ములో అది వెలిగిందో ఆరిందో దానికే తెలియదు."

ఫ్యూజు తల వంచుకుని తింటున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అన్న ఎదురుగా కూర్చున్నాడు. పెదాలు కనపడేలా నెమ్మదిగా చెప్పాడు.

"రేపు బండి కొట్టుకు తీసుకురండి. పెద్ద లైట్లు రెండు పెడతాను. కళ్లు మూసుకున్నా తెలుస్తుంది నీకు."

"కళ్లు మూసుకుంటే కొట్టు కట్టేసినట్టేగా" అన్నాడు అన్న. వదిన కూడా నవ్వింది.

మర్నాడు బండి తోక వీధిలో నిలబడింది. ఫ్యూజు వెనక బంపరు కింద ఇనప పట్టీలు బిగించి, వాటికి రెండు లైట్లు తగిలించాడు. బ్యాటరీ నుంచి లావు వైరు లాగాడు. మధ్యలో రిలే పెట్టాడు. రిలే అంటే సన్న వైరు మాట విని లావు వైరుకు కరెంటు వదిలే చిన్న డబ్బా. ఆ సన్న వైరును రివర్స్ గేరు నుంచి తెచ్చాడు. గేరు పడితేనే లైట్లు, గేరు తీస్తే చీకటి. ప్రతి జాయింటునూ రెండుసార్లు లాగాడు.

ఇలాంటి పనికి చివర్లో ఇద్దరు కావాలి. సీట్లో ఒకరు గేరు వేస్తే, వెనక నిలబడి ఒకరు చూసి చెప్పాలి. బావ సీట్లో కూర్చున్నాడు. అన్న వెనక నిలబడ్డాడు.

"గేరు వెయ్యి బావా."

లైట్లు వెలిగాయి. అన్న చెయ్యి పైకెత్తాడు. సందె వేళ. అన్న నీడ ఎదురు టీకొట్టు గోడ మీద పడి, తల కప్పు దాకా పెరిగింది.

"చిన్నోడా, చూడరా. నా చెవులు ఎంత పెద్దవయ్యాయో" అని అరిచాడు అన్న. టీకొట్టులో అందరూ నవ్వారు. ఫ్యూజు కూడా నవ్వాడు. అతను నవ్వగా వీధి చూడటం అరుదు.

బావ దిగలేదు. సీట్లోంచే తల బయటపెట్టాడు.

"దీనికొక స్విచ్చి కూడా పెట్టెయ్ ఫ్యూజూ. గేరుతో పని లేకుండా ఎప్పుడు కావాలంటే అప్పుడు వెలిగించుకునేట్టు."

"ఎందుకు?"

"పైకి పోయేసరికి పొద్దుగూకుతోంది. దింపేటప్పుడు చీకటి. మొన్న మీ అన్న డ్రమ్ముతో సహా దొర్లాడు. ఈ లైట్లుంటే పట్టపగలులా దింపుకోవచ్చు."

"కుదరదు బావా."

"లైట్లున్నాయి, వైరుంది, స్విచ్చి నీ బల్ల మీదే ఉంది. కుదరనిదేంటి?"

వెనక తెల్లలైటు వెలిగితే బండి వెనక్కి వస్తోందని అర్థమని, ఆ లైటుకు ఇంకో అర్థం రాకూడదని మేస్త్రి చెప్పేవాడు. ముందు లైటు చూపించడానికి, వెనక లైటు చెప్పడానికి అనేవాడు. ఫ్యూజు ఇదంతా చెప్పలేకపోయాడు. "మేస్త్రి వద్దనేవాడు" అన్నాడు.

"మీ మేస్త్రి కొండెక్కి డ్రమ్ములు దింపాడా? ఆయనకు లేని దురద నీకెందుకు?"

బావ చెప్పినట్టున్నాడు, ఇంటికి వెళ్లాక వదిన అడిగింది. గిన్నెలు సర్దుతూ, అతని వైపు చూడకుండా.

"పెట్టివ్వరాదూ. మొన్న పడినప్పుడు మోచెయ్యి ఎంత వాచిందో చూశావుగా."

మోచెయ్యి వాచిన మాట నిజం. దింపేచోట చీకటన్న మాట నిజం. ఫ్యూజు మర్నాడు స్విచ్చి పెట్టాడు. స్టీరింగు పక్కన, బావ చేతికి అందేలా. ఇప్పుడు గేరు వేసినా లైట్లు వెలుగుతాయి, స్విచ్చి నొక్కినా వెలుగుతాయి. ఒక షరతు మాత్రం పెట్టాడు. మొద్దు పెట్టి, ఇంజన్ ఆపాకే స్విచ్చి నొక్కాలి.

"ఒట్టు" అన్నాడు బావ.

బావ మాట మీద నిలబడ్డాడు. అన్నకు కూడా అది తెలిసిపోయింది. బండి ఒంటి మీద చెయ్యి పెట్టి చూసేవాడు. అదురు ఉండి లైటు వెలిగితే తప్పుకోవాలి. అదురు లేకుండా లైటు వెలిగితే డ్రమ్ము దింపాలి. కొన్నాళ్లు అలా బాగానే నడిచింది. అన్న భోజనాల దగ్గర టైరు మాట ఎత్తలేదు. కొండ మీద కాపలావాళ్లతో "మా తమ్ముడు పెట్టిన లైట్లు" అని చెబుతుంటే కింద ఊళ్లోకి వినపడుతోందని బావ అనేవాడు.

తర్వాత ఒక సాయంత్రం కొండ మీద బండి స్టార్టు కాలేదు. ఇంజన్ ఆపి లైట్లు వెలిగించి దింపుకుంటుంటే బ్యాటరీ చచ్చిపోయింది. ఆ వాలులో బండిని చేతులతో మలుపు దాకా నెట్టుకొచ్చి, కిందికి జారనిచ్చి స్టార్టు చేశారు. బావ పొద్దున్నే కొట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ప్రాణం పోయింది ఫ్యూజూ. ఏం బ్యాటరీ ఇది?"

ఫ్యూజు ఇంకో బండి కింద పడుకుని ఉన్నాడు. పళ్ల మధ్య వైరు ముక్క ఉంది.

"ఇంజన్ ఆపి అంత లైట్లు వెలిగిస్తే బ్యాటరీ ఏం కావాలి? ఆన్‌లో పెట్టి వాడుకో" అన్నాడు.

అది ఏ ఎలక్ట్రీషియన్ అయినా చెప్పే మాటే. బ్యాటరీ విషయంలో తప్పు లేదు. అతను పళ్ల మధ్య నుంచి వైరు తీసి, జాయింటు వేసి, రెండుసార్లు లాగి చూసుకున్నాడు. బావ వెళ్లిపోయాడు. ఒట్టు కూడా ఆయనతోపాటే వెళ్లిపోయింది. ఇద్దరిలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

అది తట్టింది వానలు వెనకబట్టాక. టవరు జనరేటరు వైరు మాడిందని కబురొస్తే ఫ్యూజు బండిలో అన్నతో, బావతో పైకి వెళ్లాడు. పని ముగించి గదిలోంచి బయటికి వచ్చేసరికి చీకటి పడుతోంది. బండి ఇంజన్ ఆడుతోంది. వెనక తెల్లలైట్లు మండుతున్నాయి. ఆ వెలుతురులో అన్న బండికీ, గది ముందున్న సిమెంటు దిమ్మకూ మధ్య నిలబడి ఉన్నాడు. బండికి వీపు పెట్టి, డ్రమ్ము అంచు పట్టుకుని దొర్లిస్తున్నాడు. నెమ్మదిగా, ఇంట్లో మంచం జరుపుతున్నట్టు. లైటు వైపు చూడనైనా చూడటం లేదు.

ఫ్యూజు పనిసంచి కింద పెట్టాడు. తర్వాత వెళ్లి అన్న భుజం పట్టి తిప్పాడు. తన మొహం వెలుతురులో ఉండేలా నిలబడ్డాడు.

"లైటు వెలిగితే జరగాలన్నా."

"ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందిగా" అన్నాడు అన్న. "ఎన్నిసార్లు జరగను?"

ఫ్యూజు వాళ్లతోనే కొండ దిగాడు. ఊరు చేరాక బావతో అన్నాడు.

"ఆ స్విచ్చి తీసేస్తాను. రేపు పొద్దున బండి పెట్టు."

"రేపు లోడుంది. ఆదివారం చూద్దాం."

"బావా, నేను చెప్పిందే తప్పు. ఇంజన్ ఆన్‌లో పెట్టమన్నాను. ఇప్పుడు గేరు వేసినా అదే లైటు, వెయ్యకపోయినా అదే లైటు. అన్నకు తేడా తెలియదు."

"నాకు తెలుసు కదా. నేను చూసుకుంటాను కదా. ఇన్నాళ్లూ చూసుకోలేదా?" బావ గొంతులో కొంచెం నొప్పి ఉంది. "నా చెల్లెలి మొగుడయ్యా. నాకు మాత్రం లేదా?"

ఫ్యూజు ఆగిపోయాడు. ఎవరైనా నొచ్చుకుంటే అతని మాట ఆగిపోతుంది. మేస్త్రికి ఇది ముందే తెలుసు.

స్విచ్చి తీయడానికి బావ ఒప్పుకోకపోతే ఎలాగని, ఆదివారం లోపు ఒక చిన్న ఫ్లాషరు కొని జేబులో పెట్టుకున్నాడు. గేరు పడినప్పుడు మాత్రం లైట్లు ఆరి వెలిగేలా అది చేస్తుంది. స్థిరంగా ఉంటే దింపమని, కొట్టుకుంటుంటే తప్పుకోమని అన్నకు చెప్పొచ్చు. అమర్చడం పెద్ద పని కాదు. బండి కొట్టు ముందు నిలబడితే చాలు. ఆదివారం కూడా లోడు పడింది. బండి రాలేదు. ఫ్యూజు వీధి చివరిదాకా వెళ్లి చూసి వచ్చాడు. ఫ్లాషరు జేబులోనే ఉంది. వంగినప్పుడల్లా గుండెకు తగిలేది.

మర్నాడు సాయంత్రం టీకొట్టు ఆయన వీధి దాటి వచ్చాడు. ఎప్పుడూ అక్కణ్నుంచే కేకేసే మనిషి.

"మీ అన్నను ఆసుపత్రికి తెచ్చారంట. అదే బండిలో" అన్నాడు.

ఆసుపత్రి ఆవరణలో బండి అడ్డదిడ్డంగా ఆపి ఉంది. వెనక తలుపు తెరిచే ఉంది. లోపల డ్రమ్ముల మధ్య ఒక దుప్పటి. బావ మెట్ల మీద కూర్చున్నాడు. ఫ్యూజును చూసి లేవలేదు.

"డ్రమ్ము బరువు. ఇంకో మూరెడు దగ్గరికి తెద్దామనుకున్నాను" అన్నాడు. "పక్కకు పోయాడనుకున్నాను. లైటు వెలుగుతూనే ఉంది. గేరు వేశాను. దిమ్మకు తగిలిందనుకున్నాను ఫ్యూజూ. దిమ్మకే తగిలిందనుకున్నాను."

తల మోకాళ్ల మీద వాల్చాడు.

లోపల వరండాలో వదిన బల్ల మీద కూర్చుని ఉంది. ఒడిలో అన్న చెప్పులు ఉన్నాయి. రెండూ ఉన్నాయి. డాక్టరు వచ్చి, ప్రాణానికి భయం లేదన్నాడు. నడుము కింద మాత్రం ఇక ఏమీ అనుకోవద్దన్నాడు. వదిన తలూపింది. కూరగాయలవాడు ధర చెప్పినప్పుడు ఊపినట్టు ఊపింది. ఆయన వెళ్లాక, "ఏమీ అనుకోవద్దంటే ఏంటి మరిదీ?" అని అడిగింది. ఫ్యూజు ఆమె ఒడిలోని చెప్పుల వైపు చూశాడు. ఆమెకూ తెలుసు. బయట మెట్ల మీద తోడబుట్టినవాడు, లోపల మంచం మీద కట్టుకున్నవాడు. ఆ పూట ఆమె లోపలికీ వెళ్లలేదు, బయటికీ వెళ్లలేదు. ఆ బల్ల మీదే ఉంది.

కంట్రాక్టరు వచ్చాడు. చెడ్డ మనిషి కాదు. వదిన ముందు చేతులు కట్టుకుని కాసేపు నిలబడ్డాడు. బయటికి వచ్చి బండి చుట్టూ తిరిగాడు. బ్రేకు నొక్కించి చూశాడు. స్విచ్చి నొక్కి వెనక లైట్లు చూశాడు. ఆవరణంతా తెల్లబడింది.

"లైట్లు భేషుగ్గా ఉన్నాయే. చీకటని కూడా అనడానికి లేదు. ఎవరు పెట్టారు?"

"నేను" అన్నాడు ఫ్యూజు.

"మంచి పని చేశావు."

"కాదండీ. ఆ స్విచ్చి వల్లే..."

"నీ బాధ నాకు తెలుసయ్యా. గ్రహచారం. దానికి లైటు ఏం చేస్తుంది?" అని ఫ్యూజు వీపు తట్టి, బావ వైపు తిరిగాడు. "రేపు మధ్యాహ్నానికి నీళ్లు పైకి పోవాలి. అక్కడ మనుషులున్నారు. నువ్వు నడపలేకపోతే ఇంకో డ్రైవరు వస్తాడు. వెనక్కి ఇంకో మనిషిని నేనే చూస్తాను. బండి ఇక్కడే ఉండనీ."

స్విచ్చి ఆపకుండానే వెళ్లిపోయాడు. ఫ్యూజు వెళ్లి ఆపాడు.

అన్నకు తెలివి వచ్చిందని నర్సు పిలిచింది. వార్డులో వరసగా మంచాలు ఉన్నాయి. మంచాల చివర ఒకే ఒక ట్యూబులైటు. అన్న మొహం చిన్నదైపోయింది. చేతికి సన్న గొట్టం కట్టి ఉంది. ఫ్యూజు మంచం పక్కన నిలబడి, తెలియకుండానే చెయ్యి చాపి ఆ గొట్టం పట్టుకున్నాడు. లాగబోయాడు.

"ముట్టుకోకండి" అంది నర్సు.

అతను చెయ్యి వెనక్కి తీసి జేబులో పెట్టుకున్నాడు. జేబులో ఫ్లాషరు తగిలింది.

అన్న అతన్నే చూస్తున్నాడు.

"బావను ఏమనకండి" అన్నాడు. ఎప్పటిలాగే గట్టిగా. వార్డంతా ఇటు తిరిగింది. "లైటు వెలుగుతూనే ఉంది కదరా చిన్నోడా. దింపుతున్నామనుకున్నాను. అదురు కూడా చూశాను. అదురూ ఉంది, లైటూ ఉంది. రోజూ ఉన్నట్టే ఉంది."

రోగులూ, రోగుల దగ్గరున్న వాళ్లూ వింటున్నారు. ఎవరో దగ్గి, దగ్గు ఆపుకున్నారు.

ఫ్యూజు మంచం అంచున వంగి, తన మొహం ట్యూబులైటు వైపు ఉండేలా తిప్పుకున్నాడు. ఇంతసేపూ ఎవరూ వినని మాట. వినలేని మనిషికే చెప్పాలి. పెదాలు నెమ్మదిగా కదిపాడు. గొంతు పైకి రాలేదు. అవసరమూ లేదు.

"ఆ స్విచ్చి నేను పెట్టాను. పెట్టకూడదని తెలుసు. ఇంజన్ ఆన్‌లో ఉంచమంది కూడా నేనే."

అన్న ఆ పెదాలనే చూశాడు. అర్థమైంది. అర్థమైనట్టు కళ్లలో కనపడింది. ఫ్యూజు ఆగాడు. తిడతాడేమోనని ఆగాడు. తిడితే బాగుండునని ఆగాడు. చిన్నప్పుడు తను మేస్త్రి రెంచి పోగొట్టినప్పుడు అన్న తిట్టిన తిట్లు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వినపడ్డాయి. ఆ తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాడు.

"తీసెయ్" అన్నాడు అన్న.

అంత చిన్న గొంతుతో అన్న మాట్లాడగలడని ఫ్యూజుకు అప్పటిదాకా తెలియదు. పక్క మంచానికి కూడా వినపడలేదు.

తర్వాత అన్న కళ్లు మూసుకున్నాడు.

ఫ్యూజు కదలలేదు. ఒక కన్ను తెరుచుకుంటుందేమోనని చూశాడు. భుజం మీద చెయ్యి వేశాడు. మంచం పట్టీ మీద వేలితో మెల్లగా కొట్టాడు, అదురు తెలిసేలా. మూసిన రెప్పల కింద కళ్లు కదులుతున్నాయి. నిద్ర కాదు. వదిన గుమ్మం దాకా వచ్చి చూసింది. నవ్వులాటకు తను అనే షట్టరు మాట ఆమెకు గుర్తొచ్చి ఉంటుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది.

పొద్దున్నే ఫ్యూజు కొట్టుకు వెళ్లి పనిసంచి తెచ్చుకున్నాడు. షట్టరు దించి రెండుసార్లు లాగి చూడటం ఆ రోజు మరిచిపోయాడు. ఆసుపత్రి ఆవరణ ఊడుస్తున్నారు. బావ మెట్ల మీదే ఉన్నాడు. నిద్ర లేని మొహం.

"ఇప్పుడా?" అన్నాడు బావ.

"మధ్యాహ్నం ఎవడో వెనక నిలబడతాడు కదా" అన్నాడు ఫ్యూజు.

స్టీరింగు కింద పడుకుని స్విచ్చి విప్పాడు. దాని వైర్లు రెండూ రిలే దాకా పీకేశాడు. రివర్స్ గేరు నుంచి వచ్చే సన్న వైరును తెగ్గొట్టి, శుభ్రం చేసి, మళ్లీ నేరుగా కలిపాడు. ఒకసారి లాగాడు. రెండోసారి లాగాడు. టేపు చుట్టాడు. స్విచ్చి ఉన్నచోట డ్యాష్‌బోర్డులో గుండ్రటి కంత మిగిలింది. దానికి పెట్టడానికి సంచిలో ఏమీ లేదు.

"బావా, ఎక్కి ఒకసారి గేరు వెయ్యి."

బావ లేచాడు. బండి దాకా వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"నా కాలు ఎక్కడం లేదు ఫ్యూజూ" అన్నాడు. మళ్లీ వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

ఫ్యూజే ఎక్కాడు. తాళం సగం తిప్పి, ఇంజన్ స్టార్టు చెయ్యకుండా రివర్స్ గేరు వేశాడు. దిగి బండి వెనక్కి నడిచాడు. ఎండ వచ్చేసింది. ఆ ఎండలో లైట్లు వెలిగాయో లేదో తెలియలేదు. లైటుకు దగ్గరగా అరచెయ్యి పెట్టాడు. చెయ్యి తెల్లబడింది.

ముందుకు వెళ్లి గేరు తీశాడు. వెనక్కి వచ్చి చెయ్యి పెట్టాడు. చెయ్యి మామూలుగా ఉంది. మళ్లీ వెళ్లి గేరు వేశాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. ఈసారి రెండు లైట్ల మధ్య, అన్న నిలబడేచోట నిలబడ్డాడు. వెలిగిందని చెప్పడానికి, ఎవరూ లేని డ్రైవరు సీటు వైపు చెయ్యి పైకెత్తాడు.